చక్రాలు గాల్లో

రిమోట్ కార్ల దుకాణం వెనక గది, ఆదివారం మధ్యాహ్నం. పొడుగుబల్ల మీద పైడొప్ప ఊడదీసిన రేసు కారు, దాని పక్కన అట్టపెట్టెలోంచి అప్పుడే తీసిన, మోటారుకి కరెంటు కొలిచి ఇచ్చే స్పీడ్ కంట్రోలరు. బల్లకి అటువైపు దుకాణం యజమాని, ఇటువైపు ఆయన చెల్లెలి మొగుడు, కళ్ళజోళ్ళ షాపువాడు. పద్నాలుగు నెలలుగా మాటల్లేని మనుషుల మధ్య ఒక బల్ల ఉండటం మంచిదే.

"ముట్టుకోకండి. ముందు ఆ బ్యాటరీ తీసి అవతల పెట్టండి."

"కనెక్షన్ ఇవ్వలేదు బావా. ఊరికే పక్కన పెట్టాను."

"పక్కన కూడా వద్దు. అదిగో, ఆ మూల ఇసక బకెట్టు దగ్గర ఇనప డబ్బా ఉంది. అందులో పెట్టి మూత వెయ్యండి."

"మరీ ఇంత భయమైతే ఎలా?"

"భయం కాదు బావగారూ, బుద్ధి. నాలాంటివాడికి కాలాకే వస్తుంది."

"బావగారూ ఏంటి కొత్తగా? పెళ్ళైన దగ్గర్నుంచీ బావా, నువ్వు అనే కదా పిలిచేవాడివి."

"మీరు వీధిలో నలుగురి ముందు నా కాలరు పట్టుకునేదాకా. ఆ రోజు నుంచి 'గారు' అయ్యారు. మీదికొచ్చిన మనిషికి ఆమాత్రం మర్యాద ఇవ్వాలి కదా."

"బావా, దాని గురించే నేను..."

"కారు గురించి వచ్చానన్నారు."

"కారు గురించే. కారు కొన్నాను, కంట్రోలరు విడిగా కొని బిగించుకోవాలన్నారు. నువ్వు బిగిస్తావని తెచ్చాను."

"బిగించను."

"అదేంటి?"

"టైర్లు మారుస్తాను. రంగు వేస్తాను. గేర్లు శుభ్రం చేస్తాను. కరెంటు వైరు మాత్రం ముట్టను. ఆ రోజే ఒట్టు పెట్టుకున్నాను. నేను నోటితో చెప్తాను, మీరు చేత్తో చెయ్యండి."

"నాకేం వచ్చు ఇవన్నీ? నాకు తెలిసిందల్లా కళ్ళజోడు మరలు బిగించడం."

"ఇవి అంతకన్నా పెద్దవే. కానివ్వండి. ముందు చోటు చూసుకోండి. ఆ చిన్న నల్లడబ్బా ఉంది చూశారా, అది రిసీవరు. రిమోటు చెప్పేది వినేది అదే. కంట్రోలర్ని దానికి ఎంత దూరం పెడితే అంత మంచిది."

"దూరం ఎందుకు?"

"పక్కపక్కన పెడితే వియ్యపురాళ్ళలాగే. ఇది చేసే గోలకి దానికి రిమోటు మాట చెవినపడదు."

"మా అమ్మ మీద విసురా అది?"

"మీ అమ్మగారి పేరు నేనెత్తానా? గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకోవడం ఎందుకు?"

"దాచేదేముంది బావా. మీ చెల్లెలు మైదానంలో కార్లు తిప్పడం మా అమ్మకి మొదట్నుంచీ గిట్టదు. ఏదో ఒకరోజు కొంపమీదికి తెస్తుందని రోజూ అనేది. ఆ మాట నువ్వూ విన్నావు."

"విన్నాను. చివరికి తెచ్చినవాణ్ణి నేను. మీ అమ్మగారి లెక్క తప్పింది. ఆ టేపు మీద కాగితం తీసి అంటించండి. రెక్కలున్న వైపు పైకి ఉండాలి, గాలి తగలాలి. దాని మీద వైర్లు కుక్కకండి. వేడి బయటికిపోయే దారి లేకపోతే ఏదైనా కాలుతుంది."

"కంట్రోలరు గురించేనా?"

"కంట్రోలరు గురించే. గట్టిగా నొక్కండి. ఆఁ. ఇప్పుడు మోటారు వైర్లు. నీలం, పసుపు, నారింజ. రంగుకి రంగు తొడగండి."

"ఇది పసుపా, నారింజా?"

"కళ్ళజోళ్ళు అమ్మేవాళ్ళు నన్నడగాలా?"

"వెలుతురు తక్కువుంది బావా ఇక్కడ."

"పాత గదిలో కిటికీ ఉండేది. కాలిపోయింది."

"తారుమారైతే ఏమవుతుంది?"

"ఈ మూడింట్లో రెండు తారుమారైతే ముందుకి పొమ్మన్న బండి వెనక్కి పోతుంది. తీసి మళ్ళీ పెట్టుకోవచ్చు. ఈ ఎరుపూ నలుపూ ఉన్నాయి చూశారా, బ్యాటరీకి పోయేవి, వీటిని తారుమారు చేస్తే మాత్రం మళ్ళీ పెట్టుకోవడం ఉండదు. చిటికెలో పొగ. కంట్రోలరు పారెయ్యాల్సిందే. అందుకే కలిపేముందు రెండుసార్లు చూడాలి. కలిపాక చూసి లాభం లేదు."

"ఈ సన్న వైరు?"

"రిసీవరుకి. రెండో నంబరు గుంట. నల్లది అంచువైపు ఉండాలి. అలా కాదు, తిప్పండి. ఆఁ, అలా. ఇప్పుడు కార్ని ఈ స్టాండు మీద పెట్టండి. నాలుగు చక్రాలూ గాల్లో ఉండాలి, దేనికీ తగలకూడదు. చొక్కా చేతులు మడవండి. వైర్లన్నీ ఆ ప్లాస్టిక్ టైతో కట్టండి, ఒక్కటి వేలాడినా గేరు నమిలేస్తుంది."

"నువ్వు తనకి కూడా ఇలాగే నేర్పావా?"

"ఎవరికి?"

"మీ చెల్లికి."

"దానికి పదో ఏట నేర్పాను. ఒక్కసారి చెప్తే చాలు. చక్రాలు గాల్లోకి లేపకుండా అది వైరు ముట్టడం నేను చూడలేదు. మీలాగ పసుపా నారింజా అని అడగలేదు కూడా. స్విచ్చి మీద నుంచి చెయ్యి తియ్యండి!"

"ఏం చేశాను?"

"కారు స్విచ్చి కాదు ముందు. రిమోటు. ముందు రిమోటు వెయ్యాలి, తర్వాత కారు. ఆపేటప్పుడు ముందు కారు, తర్వాత రిమోటు. ఈ వరస తప్పితే మిగతా విద్యంతా దండగ."

"ఏది ముందైతే ఏంటి? రెండూ వెయ్యాల్సినవే కదా."

"రిమోటు లేకుండా కారులో కరెంటుందనుకోండి, అది ఎవరి మాటా వినదు. పోయినేడు ఒక పళ్ళడాక్టరు తొందరపడి రిమోటు ముందు ఆపేశాడు. కారు రయ్యిమని పోయి వాళ్ళావిడ మడమ మీద కొట్టింది. నెల్లాళ్ళు ఆవిడ ఒంటికాలి మీద కుంటింది, ఆయన రెండు కాళ్ళ మీద నిలబడి వంట చేశాడు."

"నవ్వొస్తోంది."

"వాళ్ళిద్దరికీ రాలేదు. ఆవిడ తిన్నగా ఇక్కడికొచ్చి నన్ను తిట్టి వెళ్ళింది. ఈ ఊళ్ళో ఏ కారు ఎవర్ని కొట్టినా తిట్లకి నేనున్నాను కదా, చార్జరు వదిలేసి టీకి పోయినవాణ్ణి. బ్యాటరీ తెండి."

"కలపనా?"

"ఆగండి. నేను అటు తిరుగుతాను."

"బావా..."

"కలపండి, ఏం పరవాలేదు. చప్పుడైతే చెప్పండి."

"కలిపాను. ఏం చప్పుడు కాలేదు. ఇటు తిరుగు."

"ఉబ్బిందా? వేడిగా ఉందా? చెయ్యి పెట్టి చూడండి."

"చల్లగానే ఉంది. కొత్తది బావా, చల్లగా ఉండక ఏం చేస్తుంది?"

"సరే. ఇప్పుడు రిమోటుకీ కంట్రోలరుకీ పరిచయం చెయ్యాలి. రిమోటు వేసే ఉందా? సెట్ బటన్ నొక్కి పట్టుకుని కారు స్విచ్చి వెయ్యండి. ఎర్రదీపం మినుకుమినుకుమనగానే వదిలెయ్యండి. ట్రిగ్గరు ముట్టుకోకుండా బటన్ ఒకసారి నొక్కండి."

"కూసింది!"

"కూస్తుంది. ట్రిగ్గరు పూర్తిగా లాగి పట్టుకుని ఇంకోసారి. ఇప్పుడు ముందుకి తోసి ఇంకోసారి. అయిపోయింది. ఎంత లాగితే ఎంత పరిగెత్తాలో, ఎక్కడ ఆగాలో దానికి తెలిసింది."

"కూసేది ఎక్కడ? స్పీకరేదీ కనబడదే."

"మోటారే కూస్తుంది. చక్రాలు తిప్పేదీ అదే, ఏడ్చేదీ అదే. కొంచెం లాగి చూడండి. కొంచెం! ముందుకే తిరుగుతున్నాయి. మంచిది, మూడు వైర్లూ సరిగ్గానే పెట్టారు."

"బావా, ఒకటి అడుగుతాను. ఈ రిమోటు ఎడమచేత్తో పట్టుకుని, కుడిచేత్తో దాని మీదున్న స్టీరింగు చక్రం తిప్పాలి కదా. అది అటూ ఇటూ మార్చుకోవచ్చా?"

"మార్చొచ్చు. నాలుగు మరలు తీస్తే చక్రం అటువైపుకి వస్తుంది. ఎందుకు?"

"ఊరికే."

"మీరు కుడిచేతివాటమే కదా."

"కుడిచేత్తో పట్టుకుని, ట్రిగ్గరు కుడివేలితో నొక్కితే బాగుంటుందేమోనని. చక్రం ఎడమచేత్తో తిప్పొచ్చు. అరచెయ్యి ఆనించి తిప్పినా చాలు కదా, వేళ్ళు వంగకపోయినా..."

"వేళ్ళు వంగకపోయినా?"

"అంటే..."

"ఎవరికి కొన్నారు ఈ కారు?"

"నాకే కొన్నాను."

"మీ వేళ్ళు వంగుతున్నాయి, ఇంతసేపట్నుంచి చూస్తున్నాను."

"...తనకి కొన్నాను."

"అది అడిగిందా?"

"లేదు. పొద్దస్తమానం ఆ కిటికీ దగ్గర కూర్చుంటుంది బావా. మాట్లాడదు, ఎవరింటికీ రాదు. కారు చూస్తే లేచి తిరుగుతుందేమో అనుకున్నాను. పెట్టె ముట్టుకోలేదు."

"చెయ్యి ఎలా ఉంది?"

"చూపుడువేలు, మధ్యవేలు కర్రల్లా ఉన్నాయి. మిగతావి కొంచెం నయం. మొన్న గ్లాసు పట్టుకుంది."

"నన్ను ఒక్కసారి చూడనిచ్చిందా? మా అమ్మ ఆఖరి రోజుల్లో మంచం పక్కన మూడు వారాలున్నాం ఇద్దరం. నేను లోపలికొస్తే అది బయటికి పోయేది. ఎడమచెయ్యి కొంగులో చుట్టుకుని పోయేది. నేను చూస్తే నా దిష్టి తగులుతుందన్నట్టు."

"అది కోపం కాదు బావా."

"మరేంటి? ప్రేమా? దాని తప్పేం లేదు లెండి. అమ్మే మొహం తిప్పుకుంటే అదెంత. ఆస్పత్రి వరండాలో మీ అమ్మగారి ముందు, మీ చుట్టాలందరి ముందు, 'నా కూతురి చెయ్యి బుగ్గి చేశావు కదరా' అంది అమ్మ. ఆ తర్వాత మళ్ళీ నాతో మాట్లాడలేదు. ఆఖరి రోజుల్లో గ్లాసు నోటి దగ్గర పెడితే గోడవైపు తిరిగేది. నర్సు ఇస్తే తాగింది. పక్కింటావిడ ఇస్తే తాగింది. కొడుకు చేతి నీళ్ళు మాత్రం గొంతు దిగలేదు. అలాగే పోయింది."

"నాకు తెలుసు."

"మీకేం తెలుసు? పది నిమిషాలు టీకి పోయాను. ఇరవయ్యేళ్ళ పనిలో లెక్కలేనన్ని బ్యాటరీలు చార్జింగు పెట్టినవాణ్ణి, ఆ ఒక్క పది నిమిషాలకి నన్ను నేను తిట్టుకోని రోజు లేదు. అద్దంలో నా మొహం చూస్తే నాకే అసహ్యం. ...ఆ సెట్టింగు కార్డు తీసుకోండి, సొరుగులో ఉంది. ఇంకొక్క పని మిగిలింది."

"ఇదా? ఈ చిన్న తెరదా?"

"అదే. దాన్ని కంట్రోలరుకి తగిలించండి. లోపల ఏ సెట్టింగు ఎంతుందో చదివి చెప్తుంది. ఏం కనబడుతోంది?"

"బ్రేకు... ఏదో అంకె. ముందుకి వెనక్కి అని ఉంది. తర్వాతది కటాఫ్."

"ఆఁ, కటాఫ్. దాన్ని ఎంతకి పెడదాం?"

"నువ్వే చెప్పాలి."

"మీకు తెలీదా?"

"తెలీదు బావా."

"నటన బాగుంది. అయితే వినండి. ఈ బ్యాటరీలో రెండు సెల్లులుంటాయి. ఒక్కోటి మూడుంపావు వోల్టులదాకా దిగగానే కంట్రోలరు మోటారుని ఆపేస్తుంది, ఇంక చాల్లే ఇంటికి పో అని. అదీ కటాఫ్. దాన్ని తీసేస్తే బండి ఇంకో రెండు చుట్లు పరిగెత్తుతుంది. కానీ సెల్లు లోపల చచ్చిపోతుంది. చచ్చినట్టు పైకి కనబడదు. కాసేపు పక్కన పెడితే బతికున్నట్టే వోల్టేజీ చూపిస్తుంది, చార్జరు కూడా మోసపోతుంది. అలాంటిదాన్ని చార్జింగు పెడితే ఏమవుతుంది?"

"...అంటుకుంటుంది."

"అది మాత్రం తెలుసన్నమాట. ఇదేంటో చెప్పండి."

"ఏంటది? మసిపట్టి ఉంది."

"ఆ రోజు రేసు ఫైనల్లో పరిగెత్తిన కారులోని కంట్రోలరు. కారు ముందుగదిలో ఉంది, బ్యాటరీ ఒక్కటే వెనక చార్జరు మీదుంది. అందుకే ఇది మిగిలింది. ఇన్నాళ్ళూ మూటకట్టి అటక మీద పడేశాను. రెండు నెలల కిందట దింపి, తుడిచి, మామూలు సెల్లులు పెట్టి కార్డుకి తగిలించాను. ఒట్టు ఆ ఒక్కసారే తప్పాను, బతికుందో లేదో చూద్దామని. బతికే ఉంది. ఏం చెప్పిందో తెలుసా?"

"బావా..."

"కటాఫ్ లేదు. తీసేశారు. పొద్దున్న నేను నా చేత్తో పెట్టి పంపిన కటాఫ్, మైదానంలో ఎవరో తీసేశారు. గుర్తుందా, ఆ రోజు అందరి కార్లూ ఆఖర్న నీరసపడితే మనదొక్కటే పరిగెత్తింది. గెలిచి దుకాణానికి రాగానే 'అంతా నీ చేతి మహిమ బావా' అని మీరు నన్ను ఎత్తుకున్నారు. నేను పొంగిపోయాను. బ్యాటరీ ఇంత వేడిగా ఉందేంటి అని అడిగితే, 'ఇప్పుడే దింపాం కదా' అని నా చేతిలో పెట్టింది ఎవరు? మీరు."

"నేనే పెట్టాను."

"దాన్ని నమ్మి చార్జరు మీద పెట్టింది నేను. టీకి పోకపోయినా అది అంటుకునేది. నేను పక్కన కూర్చున్నా అంటుకునేది! నువ్వు చేసినదానికి నా కాలరు పట్టుకున్నావు. నువ్వు చేసినదానికి మా అమ్మ మొహం తిప్పుకుని పోయింది. ఒక రేకు కప్పు కోసం. ఏం చేశావు ఆ కప్పుని? బీరువాలో పెట్టుకున్నావా?"

"అవును బావా. నేనే."

"ఏంటి?"

"నేనే తీశాను. గెలవాలని బుద్ధి పుట్టింది. తప్పయిపోయింది. నన్ను కొట్టు, కాలరు పట్టుకో, నలుగుర్నీ పిలిచి చెప్పు. ఊరంతా చెప్పు. నేను కాదనను."

"ఇంత తొందరగా ఒప్పుకుంటావనుకోలేదు."

"తప్పు చేశాక ఒప్పుకోక ఏం చేస్తాను?"

"ఎలా తీశావు?"

"ఎలా అంటే? దీంతోనే. ఈ కార్డుతో."

"కార్డు ఆ రోజు దుకాణంలోనే ఉంది, ముందుగది సొరుగులో. మైదానానికి నేనెప్పుడూ ఇవ్వను, పోగొడతారని."

"అయితే... బటన్. ఆ సెట్ బటన్ నొక్కాను."

"ఎన్నిసార్లు?"

"ఎన్నిసార్లని గుర్తుంటుంది? రెండో, మూడో."

"కార్డు లేకుండా బటన్‌తో మార్చాలంటే దీపం మెరుపులు లెక్కపెట్టాలి. ఏ దీపం?"

"ఎర్రది."

"పచ్చది. ఎన్ని మెరుపులకి కటాఫ్ వస్తుంది?"

"కాగితంలో చూసి చేశాను బావా. ఇప్పుడెలా చెప్పమంటావు?"

"దీని కాగితం ఏ భాషలో ఉంటుందో తెలుసా? చైనా భాషలో. నేనే ఒక పుస్తకంలో లెక్కలు రాసుకుని బట్టీపట్టాను. బట్టీపట్టి..."

"వదిలెయ్ బావా. నేనన్నాను కదా, నేనే అని."

"ఇందాక ఏ స్విచ్చి ముందు వెయ్యాలో తెలీలేదు నీకు."

"కంగారులో..."

"రంగుకి రంగు తొడగడానికి పసుపా నారింజా అని నన్నడిగావు. అది నటన కాదు. నటిస్తే ఇంత చెత్తగా చెయ్యరు ఎవరూ."

"వదిలెయ్యమంటున్నాను కదా."

"ఆ లెక్కలు నేను నేర్పింది..."

"బావా, నీకు దణ్ణం పెడతాను."

"నేను నేర్పింది ఒక్కళ్ళకే."

"ఈ కార్డు సొరుగులో పెట్టేస్తాను బావా."

"చెప్పు."

"నువ్వు నేర్పావు కాబట్టే తనకొచ్చు. నాకు రాదు. అబద్ధమాడాలన్నా దాని గురించి ఏదో ఒకటి తెలియాలి కదా. ఆ రోజు ఆట మొదలయ్యేముందు నన్ను నీళ్ళసీసా తెమ్మని పంపింది. నేనొచ్చేసరికి కారు డొప్ప బిగిస్తోంది. అంతకుమించి నాకేం తెలీదు, ఒట్టు. నీ కాలరు పట్టుకున్నప్పుడు నాకు తెలీదు. టీకి పోయి నా పెళ్ళాం చెయ్యి కాల్చావనే పట్టుకున్నాను."

"ఎప్పుడు తెలిసింది?"

"మూడు వారాలైంది. ఈ కారు తెచ్చి పక్కన పెడితే లేచి అవతలికి పోయింది. 'నేను మళ్ళీ ముట్టను, నాకు ఆ అర్హత లేదు' అంది. అప్పుడు చెప్పింది. రెండు చుట్లు ఎక్కువ పరిగెత్తితే చాలు, ఇంటికెళ్ళాక ఆ బ్యాటరీ అన్నయ్యకి తెలీకుండా పారేద్దాం అనుకుందట. నేనే తెలీక సంచిలోంచి తీసి నీ చేతికిచ్చాను. తను బయట జనంతో మాట్లాడి లోపలికొచ్చేసరికి అది చార్జరు మీదుంది."

"అందుకే మంటలో చెయ్యి పెట్టింది."

"కప్పు కోసం పెట్టిందన్నారు అందరూ."

"నేనూ అదే అనుకున్నాను. దుకాణం కోసమేమో, నా మీద ప్రేమేమో అని కూడా అనుకున్నాను ఒకసారి. వెర్రివాణ్ణి. ఆ బ్యాటరీ ఎలాంటిదో దానికొక్కదానికే తెలుసు. పట్టుకుని ఇసక బకెట్లో వెయ్యాలని... నేను నేర్పినట్టే."

"నువ్వు నేర్పినట్టే."

"చెప్పొచ్చు కదా బావా! అన్నయ్యా, నేనే తీశాను అంటే నేను చంపేస్తానా? పద్నాలుగు నెలలు తేలుకుట్టిన దొంగలా కూర్చుంది. నన్ను ఊరంతా ఉమ్మేస్తుంటే చూస్తూ కూర్చుంది."

"బావా అన్నావు."

"ఏంటి?"

"ఏం లేదు."

"ఆ నోరెలా కట్టేసుకుంది? నాకది అర్థం కావట్లేదు. అంత మొండిది కాదు అది. చిన్నప్పుడు బొమ్మ విరగ్గొడితే తనే వచ్చి ఏడ్చేది."

"ఏడుస్తూనే ఉంది బావా, రోజూ."

"ఏడవనీ. ...లేదు, ఏడవద్దని చెప్పు. తీసుకురా దాన్ని. ఇవాళ కాకపోతే రేపు. రిమోటు చక్రం అటువైపుకి నేనే మారుస్తాను, ఒట్టూ లేదు గిట్టూ లేదు. కోపం ఉంది నాకు, లేదనను. చాలా ఉంది. దాని మొహం మీదే తిడతాను. తిట్టి ఊరుకుంటాను. చెల్లెల్ని క్షమించడం నా చేతిలో పని. కానీ ఒక్కటే నా చేతిలో లేదు."

"ఏంటది?"

"అమ్మ. ఒక్కమాట అమ్మ చెవిన పడుంటే చాలు కదా. నా కొడుకు ఒళ్ళు మరిచి టీకి పోయి కూతురి చెయ్యి కాల్చాడు అనుకుంటూనే పోయింది. అది ఎవరు దిద్దుతారు చెప్పు? ఏమీ తెలీకుండా పోయింది బావా మా అమ్మ."

"...కారు ఆపేస్తాను. ముందు కారు, తర్వాత రిమోటు. అంతేనా?"

"అంతే. బ్యాటరీ కూడా ఊడదీసి డబ్బాలో పెట్టు. ఏంటి, అలా నిలబడ్డావు?"

"ఏం లేదు."

"ఏదో ఉంది. చెప్పు."

"వద్దులే బావా. చెప్పనని తనకి మాటిచ్చాను."

"ఇంకా నా దగ్గర దాచేదేముంది? ఇంతకన్నా పోయేదేముంది నాకు? చెప్పు."

"ఆ రాత్రే ఆస్పత్రిలో తను మీ అమ్మకి అంతా చెప్పేసింది. 'మీ అత్తగారికి తెలిస్తే నిన్ను గుమ్మం తొక్కనివ్వదు, వాడైతే ఆ నింద మోస్తాడు, నువ్వు నోరు విప్పకు' అని తన చేత ఒట్టు వేయించుకుని, ఆ తర్వాతే వరండాలోకి వచ్చింది బావా, మీ అమ్మ."